కల్లు రుచిని పరీక్షించుట

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములందు తాటికల్లు, ఈతకల్లు గలవు. సీతంపేట, పార్వతీపురపు మన్యములందు సవరలు, జాతాపులు జీలుగుకల్లును ప్రియముగ సేవింతురు. మెత్తని రుచికి నేను దీనికే మొదటి స్థానమిత్తును.

చెట్టేదైనను, దించిన వేళ నడుగక కల్లుగుణము నిర్ణయింపరాదు. సున్నము పూసిన కుండలోనిది పులియని నీరా. పూయనిచో చెట్టుమీదనే పులియ నారంభించును: ఉదయమున తీపి, మధ్యాహ్నమునకు నురుగును ఘాటును, మరునాటికి కాడివంటి పులుపు. ఈ పులుపు దోషము గాదు, కల్లుయొక్క వయస్సు.

దోషమన కల్తీయే. నీళ్లు కలిపి, నిద్రమందగు క్లోరల్ హైడ్రేటు చేర్చుదురు. పులుపును ఘాటును లేక మైకము మాత్రము హెచ్చైనచో శంకింపుడు. దాని కలవాటుపడినవాడు హఠాత్తుగ మానినచో చేతులు వణకును, మతి చలించును. అట్టివానిని ఇంట నుంచక వైద్యశాలకు గొంపోవలెను.