మీకు తెలుసా? తలగుడ్డ కట్టించిన చట్టం

జుట్టు కనపడకుండా గుడ్డ కట్టుకు తిరగాలని ఆడవాళ్లకు ఒకప్పుడు సర్కారు ఉత్తర్వే ఇచ్చిందంటే నమ్ముతారా? ఇప్పటి అమెరికాలోని లూసియానాలో జరిగిందిది.

1786లో ఆ ప్రాంతం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. న్యూ ఆర్లియన్స్‌లో బానిసలు కాని నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు తమ ఉంగరాల జుట్టును ఎత్తుగా ముడిచి, ఈకలూ నగలూ తురుముకుని వీధిలోకి వస్తే తెల్లదొరల చూపులు అటే తిరిగేవి. దొరసానులకు కడుపుమంట! గవర్నర్ ఎస్తెబాన్ మీరో కల్పించుకున్నాడు. ఈకలు, నగలు కూడదు, తలకు గుడ్డ చుట్టాల్సిందే అన్నాడు. ఆ గుడ్డను టిన్యాన్ అంటారు. పనిలో ఉన్న బానిస స్త్రీలు కట్టుకునేదీ అదే. వీళ్లకూ వాళ్లకూ తేడా లేదని ఊరందరికీ చాటడమే ఉద్దేశం.

సరే, కట్టారు. కానీ ఎలా కట్టారు! రంగురంగుల గుడ్డలు ఏరి తెచ్చి, కిరీటంలా ఎత్తుగా చుట్టి, మునుపటికన్నా సోకుగా తిరిగారు. వాళ్లు బాగా మోజుపడ్డ వాటిలో మద్రాసు గళ్ల రుమాలు ఒకటి. అవును, మన కోరమాండల్ తీరం మగ్గాల మీద నేసి, మద్రాసు పేరుతో సముద్రాలు దాటిన సరుకే. 1803లో లూసియానా అమెరికా చేతికి వచ్చాక ఉత్తర్వు మూలన పడింది. టిన్యాన్ మోజు మాత్రం పోలేదు.

జుట్టు తగవు అంతటితో తీరలేదు. 2010లో అలబామాలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు డ్రెడ్‌లాక్స్ తీసేయమన్నారు. దువ్వెన పెట్టకుండా, పాయలుపాయలుగా జడలు కట్టనిచ్చిన జుట్టది, మన సాధువుల జటల్లాగా. ఆమె ఒప్పుకోలేదు, ఉద్యోగం దక్కలేదు, తగవు కోర్టుకెక్కింది. పుట్టుకతో వచ్చే ఉంగరాల జుట్టుకు చట్టం అండ ఉంటుంది గానీ, డ్రెడ్‌లాక్స్ కోరి చేసుకున్న అలంకారం కనుక ఉండదని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. బిగుతు ఉంగరాల జుట్టును దువ్వకుండా వదిలేస్తే తనంతట తానే జడలు కడుతుంది. మరి ఇందులో అలంకారం ఎక్కడుందో ఆ జడ్జీలకే తెలియాలి.

ఇలాంటి వివక్ష ఉద్యోగాల్లో, బడుల్లో చెల్లదంటూ 2019లో కాలిఫోర్నియా అన్ని రాష్ట్రాలకన్నా ముందు క్రౌన్ చట్టం తెచ్చింది. టిన్యాన్ కట్టించిన లూసియానా 2022లో తెచ్చింది.