బ్యాంకు ఉద్యోగులు – అలసట – ఆరోగ్యం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆసుపత్రులు, మందుల షాపులతో పాటు బ్యాంకులు కూడా తెరిచే ఉన్నాయి. ఏప్రిల్‌లో మహిళల జన్‌ధన్ ఖాతాలలో ప్రభుత్వం 500 రూపాయలు చొప్పున జమచేసింది. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించినా బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. అదే నెల 1వ తేదీన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆ ఉద్యోగులకు జబ్బు భయం, కొత్త పద్ధతులు రెండూ ఒక్కసారే ఎదురయ్యాయి.

ఇంటికి వెళితే అక్కడా విశ్రాంతి లేదు. బడులు మూతబడి పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. పెద్దవారికి వ్యాధి అంటుతుందేమోనన్న దిగులు ఒకటి. వంట, పిల్లల చదువు మీద పడిన స్త్రీలకు భారం రెట్టింపయింది. కరోనా తీవ్రత తగ్గినా, ఆ రోజుల్లో అలవాటైన తీరు కొందరిలో ఇంకా పోలేదు.

ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ పని జరుగుతుందా?

కొంతవరకే. నిద్ర తగ్గినప్పుడు మెదడుకు ఏకాగ్రత, జ్ఞాపకం తగ్గుతాయి. చూసిన అంకెనే మళ్ళీ మళ్ళీ చూడవలసి వస్తుంది. బ్యాంకులో ఒక్క సున్నా తేడా వస్తే సాయంత్రం లెక్క తేలదు. ఆ తప్పు వెతకడానికి మరో గంట పడుతుంది, ఆ గంట మళ్ళీ నిద్రలో నుండే పోతుంది. కనుక విశ్రాంతి పనికి అడ్డు కాదు, పనిలో ఒక భాగమే.

శరీరానికీ నష్టమే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించాయి.

ఈ లక్షణాలను గమనించండి

నిద్ర పట్టకపోవడం, తరచు తలనొప్పి, కడుపులో మంట, చిన్న మాటకే కోపం, ఉదయం లేస్తూనే అలసట, పనిమీద విసుగు.

ఏమి చేయాలి?

1. రోజుకు కనీసం 7 గంటలు నిద్రపోవాలి.

2. షుగరు మందులు వాడేవారు మధ్యాహ్న భోజనం వాయిదా వేయరాదు. షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు.

3. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి, మంచినీళ్ళు త్రాగండి.

4. ఇంటికి వచ్చాక ఆఫీసు ఫోను సందేశాలకు ఒక సమయం పెట్టుకోండి. ఆ తరువాత పక్కన పెట్టండి.

5. ఇంటిపనిని భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు పంచుకోవాలి.

6. 30 ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారి బి.పి., షుగరు పరీక్ష చేయించుకోవాలి.

పై లక్షణాలు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరును కలవండి. ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయవద్దు. బ్రతుకు మీద విరక్తి కలిగితే దాచుకోకండి. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా ఖాతాదారులకు ఒక మాట. కౌంటరులో ఉన్నవారికీ ఇల్లు, పిల్లలు ఉన్నారు. ఫారం ఇంటి దగ్గరే నింపుకొని, రద్దీ లేని వేళ వెళ్ళి, నెమ్మదిగా మాట్లాడితే వారి బరువు కొంత తగ్గుతుంది. మీ పనీ త్వరగా అవుతుంది.