చీఁకటిరాత్రి వైమానికుని పద్దు

ఆకాశమున మబ్బుతునక యైన లేదు, చుక్కలు స్పష్టముగా నగపడుచున్నవి. అట్టి రాత్రి విమానము నడుపువాడు కన్నులు లేనివానితో సమానుడన్నచో మీరు నవ్వుదురేమో. కాని యమావాస్యనాడు సముద్రముపై నిది నిజము. క్రింద దీపము లేదు. నింగియు నీరును గలియు గీత కానరాదు. ఆ గీత మఱుగైనచో విమాన మొరిగినను దేహమునకు దెలియదు.

తెలియకుండు టెట్లు? మన లోచెవియందు ద్రవముతో నిండిన మూడు సన్నని గొట్టములు గలవు. తల ద్రిప్పినపుడు ద్రవము గదలి మెదడునకు వార్త నిచ్చును. విమానము మిక్కిలి మెల్లగా నొరిగినచో నా కదలిక వానికి బట్టుబడదు. తిరుగుడు కొంతసేపొకే తీరున సాగినచో ద్రవమును దానితోబాటే తిరుగును. ఇక వార్త యుండదు. తిన్నగా బోవుచున్నానని నమ్ముచునే చోదకుడు సుడివలె దిగిపోవును. పిల్లలు గిరగిర తిరిగి యాగి, నేల తిరుగుచున్నదని కేకవేయుట యీ మోసమే.

1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయినుండి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా విమానము 'ఎంపరర్ అశోక' కొలది నిమిషములలోనే సముద్రమున గూలెను. 213 మంది మరణించిరి. ఒరుగుడును జూపు యంత్రములలో నాయకుని యెదుటి దొకటి చెడి, కుడికి ఒరిగినట్లు చూపగా, ఆయన యెడమకు ద్రిప్పెను. తక్కిన యంత్రములతో సరిచూచుట జరుగలేదు. వెలుపల జూచి తెలిసికొనుటకు గీత లేదు.

కావుననే యంత్రములను జూచి, యొకదానితో నొకటి పోల్చి నడుపుట ప్రత్యేకమైన విద్య. దాని గంటలను వైమానికుడు తన పుస్తకమున వేఱుగా వ్రాసికొనును. మబ్బులలో నడుపు నర్హతకు అమెరికాలో నట్టివి 40 గంటలుండవలెను. మఱి మబ్బులేని చీఁకటిరాత్రి గంట లే పద్దున బడును? చట్టము దృష్టిలో నది కంటితో నడపదగిన వేళయే. 1984లో అమెరికా విమానయానశాఖ న్యాయాధికారులు దీనికి సమాధానమిచ్చిరి. చంద్రుడు లేని రాత్రి సముద్రముపై దిగంతము గానరాక, యంత్రములు లేనిదే విమాన మదుపులో నుండనిచో నా కాలమును యంత్రముల పద్దున వ్రాసికొనవచ్చును. నిర్ణయము కొంతవఱకు చోదకునిదే గనుక కారణమును గూడ వ్రాసియుంచుట మంచిదనిరి.

సాక్షిలేని లెక్క యిది. చేను జూడకయే అడంగలు నింపిన పూర్వపు కరణముల కథలు పెద్దల కెఱుకయే. అక్కడ నష్టము శిస్తుతో బోయెడిది. ఇచట దొంగగంటలతో నర్హత పొందినవాని వెనుక ప్రయాణికులు గూర్చుందురు. రెండు గంటల రాత్రిప్రయాణమున గంటన్నర తీరపుదీపములు గనబడినచో, మిగిలిన యరగంటయే యా పద్దున బడవలెను. దానిప్రక్కన 'చంద్రుడు లేడు, సముద్రముపై దిగంతము గానరాలేదు' అని యొక పంక్తి.