షుగరు ఉన్నవారికి తొడ నొప్పి వస్తే...



షుగరు వ్యాధి అనగానే కళ్ళు, మూత్రపిండాలు, కాలి పుండ్లు గుర్తుకొస్తాయి. అది కండరాలను కూడా దెబ్బతీస్తుందని నిరుటి వరకు మాకూ తెలియదు. తెలియక ఒక పొరపాటు కూడా చేశాం.

ముమ్మిడివరంలో మా వీధి చాచాకు 20 ఏళ్ళుగా షుగరు. ఒకరోజు ఉన్నట్టుండి ఎడమ తొడ వాచి, విపరీతమైన నొప్పి. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. సజ్దా నుంచి లేవలేకపోయారు. నరం పట్టిందనుకొని, కొబ్బరి నూనె వేడిచేసి గట్టిగా మర్దన చేయించమన్నది మేమే. నాలుగు రోజులకు నొప్పి రెట్టింపయింది. కాకినాడలో ఎం.ఆర్.ఐ. తీయించాక అసలు సంగతి తెలిసింది. తొడ కండరంలో కొంత భాగం రక్తం అందక చచ్చుబడిపోయింది.

దీన్ని డయాబెటిక్ మయోనెక్రోసిస్ అంటారు. చాలా అరుదు. 1965లో ఆంగర్వాల్, స్టెనర్ అనే స్వీడన్ వైద్యులు ఇద్దరు రోగులలో దీన్ని మొదట వివరించారు. కాలువలో నీరు తగ్గితే ముందు శివారు చేలే ఎండుతాయి కదా, ఇదీ అంతే. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేక సన్నని రక్తనాళాలు పూడుకుపోతే కండరానికి రక్తం అందదు. అప్పటికే కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా తొడకు, కొన్నిసార్లు పిక్కకు వస్తుంది.

ఇంకొకటి డయాబెటిక్ అమయోట్రోఫీ. ఇది నరాల వల్ల వచ్చేది. ముందు ఒక తొడలో తీవ్రమైన నొప్పి, తర్వాత కండరం కరిగి బలహీనత, బరువు తగ్గడం. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది. నెలల తరబడి నెమ్మదిగా తేరుకుంటారు.

ఇలాంటి నొప్పికి వేరే కారణాలూ ఉంటాయి. సిరలో రక్తం గడ్డకట్టినా కాలు వాస్తుంది. అది డాప్లర్ స్కానింగులో తెలుస్తుంది. దానితో ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. జ్వరం, ఎర్రదనం ఉంటే కండరంలో చీము పట్టి ఉండవచ్చు. కొలెస్ట్రాల్ మాత్రల వల్ల కూడా కండరాల నొప్పి రావచ్చు. సొంతంగా మానేయకుండా డాక్టరు గారికి చెప్పాలి. మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు.

మయోనెక్రోసిస్‌కు ముఖ్యమైన వైద్యం విశ్రాంతి, షుగరు అదుపు. మర్దన, బరువైన వ్యాయామం అప్పుడు పనికిరావు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, కొన్ని మూత్రపిండాలకు చేటు. ఆపరేషను చేస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది కాబట్టి సాధారణంగా దాని జోలికి వెళ్ళరు. చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. అయితే అదే కాలికో, రెండో కాలికో మళ్ళీ రావచ్చు. అందుకే 3 నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి.

రమజాన్‌కు ముందే డాక్టరు గారిని కలవాలి. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో ఇస్లాం సడలింపు ఇచ్చింది. దాన్ని వాడుకోవడం తప్పు కాదు.

చాచా ఇప్పుడు చేతికర్రతో మసీదుకు వస్తున్నారు, కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నారు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అయినా మాకు ఆ నూనె గిన్నె గుర్తుకొస్తూనే ఉంటుంది. ఎవరైనా తొడ నొప్పి అంటే మర్దన చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీకు షుగరు ఉందా?"