కల ఎవరికి పడ్డది?

కోరుట్లలో బీడీలు చేసే వాడల్లో పొద్దున్నే అరుగుల మీద చాటలు వెలుస్తాయి. తడిపిన తునికాకు ఒక పక్క, తంబాకు ఒక పక్క, చేతిలో కత్తెర. చేతుల పని చేతులది, నోళ్ల పని నోళ్లది. రాత్రి కలలు బయటపడేది అక్కడే.

"ఆపా, రాత్రి కలల పన్ను ఊశిపోయినట్టు అచ్చింది. మా ఆయన దుబాయిల ఎట్లున్నడో ఏమో!"

పక్కింటి ఆపా ఆకు కత్తిరిస్తూనే అంటుంది: "ఇంకెవ్వలకు చెప్పకు. ఎడమదిక్కు మూడుసార్లు తుఫ్ అను. ఫికర్ జెయ్యకు."

వినడానికి ముసలమ్మల మాటలా ఉంటుంది గానీ, ఆపా చెప్పింది హదీసుల్లో, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటలుగా చెప్పుకునేవాటిలో, ఉన్న మాట. పీడకల వస్తే ఎడమవైపు మూడుసార్లు ఉమ్మినట్టు ఊదాలి, అల్లాహ్ శరణు కోరాలి, పక్క మార్చి పడుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. నిజానికి ఇదంతా మెలకువ వచ్చిన వెంటనే చేయాలి. పొద్దెక్కాక అరుగు మీద చేస్తే ఎంత ఫలమో ఆపానే చెప్పాలి. మంచి కలకూ ఒక షరతుంది: ఇష్టమైన వాళ్లకే చెప్పాలి. పన్ను ఊడితే ఇంట్లో ఎవరికో కీడన్న భయం మన తెలుగిళ్లదే అనుకుంటాం. అరబ్బుల కలల పుస్తకాల్లోనూ పళ్లంటే ఇంటి మనుషులే. పై పలువరస మగవాళ్లు, కింది పలువరస ఆడవాళ్లు.

ముస్లిం సంప్రదాయం కలల్ని మూడు రకాలుగా విడదీస్తుంది. అల్లాహ్ నుంచి వచ్చే శుభవార్త ఒకటి. భయపెట్టడానికి షైతాను చూపించేది రెండోది. మనసు తనతో తాను మాట్లాడుకునేది మూడోది. ఈ మూడోది ఏడో శతాబ్దం నాటి మాట. మనిషి లోపలి సంగతులే కలలవుతాయని ఫ్రాయిడ్ పుస్తకం రాసింది 1899 చివర్లో. జగిత్యాలలో పగలంతా వీసా కోసం ఏజెంట్ చుట్టూ తిరిగినవాడికి రాత్రి కలలో విమానం వెళ్లిపోతే, దానికి ఫలితం వెతకనక్కర్లేదు. అది మూడో రకం. ఆ మనిషికి ఏది భయమో ఆ కల చెప్పేసింది, అంతే.

కలను ఉర్దూలో ఖ్వాబ్ అంటారు, దాని అర్థం చెప్పడాన్ని తాబీర్ అంటారు. తాబీర్ అరబ్బీ మాట, దాని మూలంలో 'దాటడం' ఉంది. కన్న దృశ్యం ఈ ఒడ్డు, దాని అర్థం ఆ ఒడ్డు. ధర్మపురి దగ్గర గోదావరి చూసినవాళ్లకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. పడవ నడిపేవాడికి నీటి లోతు తెలియాలి మరి.

ఖురాన్‌లో కలల కథ అంటే యూసుఫ్ అధ్యాయమే. అది 12వ అధ్యాయం, 111 ఆయతులు (వాక్యాలు). అందులో కలలు నాలుగు: యూసుఫ్‌ది, జైల్లో ఇద్దరు ఖైదీలవి, రాజుది. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాగిలపడ్డట్టు కలగన్న కొడుకుతో తండ్రి యాకూబ్ అన్న మొదటి మాట ఏమిటి? ఈ కల అన్నలకు చెప్పకురా అని. కలకన్నా ముందు ఇంటి సంగతి చూశాడా తండ్రి. చర్చికి వెళ్లేవాళ్లకు ఇదే కథ యోసేపు పేరుతో తెలుసు. ఈ కథ ఉన్న ఖురాన్‌ను మొదటిసారి తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు, 1925లో. ఆయన ముస్లిం కాదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. కలల అర్థం అనగానే ముస్లిం లోకమంతా తలిచే పేరు ముహమ్మద్ ఇబ్న్ సీరీన్. ఇరాక్‌లోని బస్రా ఆయన ఊరు, 729లో పోయాడు. వృత్తి ఏమిటో తెలుసా? బట్టల వ్యాపారం! సిరిసిల్లలో ఉంటే ఆయనా ఒక సేటే. చెవులు సరిగ్గా వినబడవు, అయినా అందరి కలలూ వినేవాడు. అప్పు తీర్చలేక జైలుకూ వెళ్లాడు. దాని కథ ఇలా చెబుతారు: అరువు మీద 40,000 దిర్హాముల నూనె కొన్నాడట. ఒక తిత్తిలో ఎలుక చచ్చి కనబడితే, మొత్తం సరుకూ చెడిందేమోనని అంతా పారబోశాడట.

ఆయన పేరు మీద నిలిచిన కథల్లో నాకు నచ్చింది ఒకటుంది. ఒకతను వచ్చి, కలలో నేను అజాన్ (నమాజు పిలుపు) ఇస్తున్నాను అన్నాడు. హజ్‌కు వెళ్తావు అన్నాడు ఇబ్న్ సీరీన్. తర్వాత ఇంకొకడు వచ్చి అదే కల చెప్పాడు. దొంగతనానికి నీ చెయ్యి తెగుతుంది అన్నాడు. పక్కనున్నవాళ్లు బిత్తరపోయారు. అప్పుడు విప్పి చెప్పాడు. మొదటివాడి ముఖంలో మంచితనం కనబడితే, హజ్ కోసం జనాన్ని పిలవమన్న ఆయతు గుర్తొచ్చింది. రెండోవాడి వాలకం చూస్తే, యూసుఫ్ కథలో బాటసారుల బిడారును ఆపి 'మీరు దొంగలు' అని కేకేసిన ఘట్టం గుర్తొచ్చింది. అరబ్బీలో రెండు చోట్లా ఆ 'చాటింపు' మాట ఒక్కటే. కల ఒక్కటి, మనుషులు ఇద్దరు, ఫలితాలు రెండు. ఏం కనబడిందని కాదు, ఎవరికి కనబడిందని అడిగినవాడు ఇబ్న్ సీరీన్.

ఇదే లెక్కన సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడికి కలలో బట్ట నేస్తున్నట్టు కనబడితే ఏమిటి? పాత కలల పుస్తకాలు తిరగేస్తే, నేత అంటే ప్రయాణం అని ఉంటుంది. నాడె అటూ ఇటూ పోయినట్టే మనిషీ పోతాడని కాబోలు. సూరత్‌కో భివండీకో గల్ఫ్‌కో పోయిన నేతన్నలున్న ఊరికి ఆ మాట భలే అతికింది. కానీ ఇబ్న్ సీరీన్ ఉంటే ముందు ఒక ప్రశ్న వేసేవాడు: నువ్వు పగలు చేసే పని ఏమిటి? రోజంతా సాంచా దగ్గర నిలబడి, తెగిన పోగులు అతికేవాడికి కలలోనూ సాంచానే వస్తే అది ప్రయాణమెందుకవుతుంది? డ్యూటీ ఇంకా దిగలేదు, అంతే.

బట్ట సంగతి వచ్చింది గనక ఇంకో రెండు. ప్రవక్త ఒక కలలో జనం రకరకాల పొడవు చొక్కాలు తొడుక్కుని వెళ్తుంటే చూశారు. కొందరివి ఛాతీ దాకా, సహచరుడు ఉమర్‌ది మాత్రం నేల మీద ఈడ్చుకుంటూ ఉంది. చొక్కా అంటే ధర్మనిష్ఠ అని ఆయనే అర్థం చెప్పారు. ఖురాన్‌లో భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రం అన్న మాట ఉంది. అందుకే కలలో కనబడ్డ బట్టను పెళ్లితో ముడిపెట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు.

అన్ని గుర్తులూ ఊరూరా ఒక్కటే కావు. పాము కలలోకొస్తే మన దగ్గర నాగదోషమేమోనని పుట్టకు పాలు పోస్తారు. అరబ్బీ పుస్తకాల్లో పాము అంటే శత్రువు. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు.

ఈ విద్యంతా అరబ్బుల సొంతమనుకుంటే పొరపాటు. రెండో శతాబ్దపు గ్రీకు రచయిత ఆర్టెమిడోరస్ కలల పుస్తకాన్ని తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాక్ అరబ్బీలోకి మార్చాడు. హునైన్ క్రైస్తవుడు. ఒక విద్య ఎన్ని ఒడ్లు దాటిందో చూడండి.

రోజుకు అయిదుసార్లు వినిపించే అజాన్ మాటలు కూడా ముందు ఒక కలలో వినబడ్డవే. అబ్దుల్లా ఇబ్న్ జైద్ అనే సహాబీకి (ప్రవక్త సహచరుడికి) అవి కలలో వచ్చాయి. బిలాల్ గొంతు బాగుంటుంది, ఆయనకు నేర్పు అన్నారు ప్రవక్త. అలాగని ఎవరికి ఏ కల వస్తే అది చట్టమైపోదు. ఆ కలకు ప్రవక్త ఆమోదం ఉంది కాబట్టి చెల్లింది. నాకు కలలో ఇలా చెప్పారు అని ఎవరైనా కొత్త నియమం తెస్తే మౌల్వీలు ఒప్పుకోరు.

పెళ్లి సంబంధమో, సౌదీ ప్రయాణమో తేల్చుకోలేనప్పుడు ఇస్తిఖారా చేస్తారు. రెండు రకాతుల నమాజు, ఒక దువా. ఆ రాత్రి కలలో తెలుపో పచ్చో కనబడితే సరే, నలుపో ఎరుపో కనబడితే వద్దు అని ఇళ్లల్లో లెక్క వేస్తారు. తమాషా ఏమిటంటే, ఇస్తిఖారా నేర్పిన హదీసులో కల ఊసే లేదు. మంచిదైతే దారి సులువు చెయ్యి, కాకపోతే తప్పించు అని వేడుకోవడమే అందులో ఉన్నది. రంగులు మనం కలుపుకున్నవి.

వేములవాడ రాజన్న దగ్గర ఒక రాత్రి నిద్ర చేయడం మన దగ్గర మొక్కు. దర్గాల దగ్గరా అలాగే పడుకుంటారు. రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉండటం వల్ల, అక్కడ నిద్ర చేసినవాళ్లను ఎవరు కలలో కనబడ్డారని అడిగితే జవాబు రెండు భాషల్లో రావచ్చు.

కలల్ని స్వయంగా రాసి పెట్టుకున్న పాలకుడు మన పక్కనే ఉన్నాడు: టిప్పు సుల్తాన్. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక రాజమహల్లో ఒక పారశీక పుస్తకం దొరికింది. అందులో 37 కలలు, టిప్పు సొంత దస్తూరీలో. ఒక కలలో మూడు వెండి పళ్లేల నిండా తాజా ఖర్జూరాలు కనబడ్డాయి. ముగ్గురు శత్రువుల రాజ్యాలూ తన చేతికొస్తాయని ఆయన అర్థం రాసుకున్నాడు. జగిత్యాల అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. ఆ నిజాం టిప్పుకు శత్రువే. రాజ్యాలు రాలేదు గానీ, టిప్పు రాత్రిళ్లు ఏం ఆలోచిస్తూ పడుకునేవాడో ఆ పుస్తకంలో మిగిలింది. అదిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

రాని కల వచ్చిందని చెప్పేవాళ్లకూ ఒక శిక్ష ఉంది. పరలోకంలో రెండు బార్లీ గింజలు చేతికిచ్చి, రెంటినీ ముడి వెయ్యమంటారట. అది వాడి తరం కాదు. పోగుకు పోగు కళ్లు మూసుకుని ముడివేసే సిరిసిల్ల చేతులకైనా గింజకు గింజ ముడిపడదు. ఇంకో హదీసు ప్రకారం, మాటలో నిజాయితీ ఎక్కువున్నవాడి కలే ఎక్కువ నిజమవుతుంది.

చివరగా ఒక మాట. ఇబ్న్ సీరీన్ పేరుతో 'ఖ్వాబ్‌నామా' పుస్తకాలు అమ్ముతుంటారు. పాము అయితే ఇది, పన్ను అయితే ఇది అని పట్టికలు వేసి ఉంటాయి. కొనాలనిపిస్తే కొనండి గానీ, ఆయన పేరు మీద చెలామణి అవుతున్న కలల పుస్తకాలు ఆయన పోయిన కొన్ని శతాబ్దాలకు వేరేవాళ్లు కూర్చినవి.