విఱిగిన మడమయెముక: దానిని చేరు త్రోవలు

గడచిన వేసవిలో మా పాఠశాలకు సమీపమందలి పల్లెలో కల్లుగీత పని చేయు నొకడు మోకు జాఱి తాటిచెట్టుపైనుండి పడెను. అతని కుమారుడు మా విద్యార్థి యగుటచే మేమును వెంట పట్టణములోని వైద్యశాలకు బోయితిమి. అచ్చటి శస్త్రవైద్యుడు ఎక్సురే పటములను జూచి, కుడికాలి మడమయెముక పగిలినదనియు, వాపు తగ్గువఱకు కత్తి పెట్టరాదనియు, అందులకు పది పండ్రెండు దినములు పట్టవచ్చుననియు జెప్పెను. రోగియొక్క అన్న మమ్ము ప్రక్కకు బిలిచి, "పంతులుగారూ, విఱిగిన యెముకకు వాయిదా యేమిటండీ? మావద్ద డబ్బు లేదనియేనా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాడు మేము సరియైన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. పిమ్మట వైద్యుని అడిగియు, గ్రంథములు చదివియు దెలిసికొన్న సంగతులు మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాము.

మన పాదమున 26 ఎముకలు కలవు. వానిలో మిక్కిలి పెద్దది మడమయెముక. దాని పైభాగము పలుచని పెంకు. లోపల తేనెపట్టువలె గదులు గదులుగా నుండును. దానిపై టేలస్ అను నెముక కూర్చుండి శరీరభారమును దానికి దింపును. ఈ రెంటి నడుమనున్న కీలు పాదమును లోపలికిని వెలుపలికిని త్రిప్పును. పొలముగట్టుపైనను రాళ్లబాటలోను మనము తూలక నడచుట కీ కీలే ముఖ్యాధారము. మనుష్యుడు ఎత్తునుండి మడమలపై బడినపుడు టేలస్ గొడ్డలివలె దిగి మడమయెముకను చీల్చును. అపుడు పెంకు ప్రక్కలకు ఉబ్బును, మడమ యెత్తు తగ్గును, కీలుపలక ముక్కలై లోనికి క్రుంగును. పెద్దవారి మడమ విఱుగుళ్లలో నూటికి సుమారు 75 ఈ కీలును గూడ చెఱచునవియే.

ఈ క్రుంగుదలను కొలుచుటకు మన రేఖాగణితమే సాధనము. వియన్నా నగరపు వైద్యుడగు లోరెంజ్ బోలర్ 1931లో దీనిని వివరించెను. ప్రక్కనుండి తీసిన ఎక్సురే పటముపై ఎముక శిఖరములను గలుపుచు రెండు సరళరేఖలు గీచినచో, వాని నడుమ కోణము సాధారణముగా 20 మొదలు 40 డిగ్రీల వఱకు నుండును. ఎముక క్రుంగినకొలది కోణము తగ్గి, ఒక్కొకప్పుడు సున్నకును దిగును. 1971లో సి.టి. యంత్రమును రోగులకు మొదటిసారి ఉపయోగించిన పిమ్మట, కీలుపలక యెన్ని ముక్కలైనదో అడ్డుకోతవలె జూచుట సాధ్యమాయెను. ఆ ముక్కల సంఖ్యనుబట్టి 1993లో శాండర్స్ అను అమెరికా వైద్యుడు విఱుగుళ్లను నాలుగు తరగతులుగా విభజించెను.

పూర్వపు చికిత్స మోటైనది. 1908లో బోస్టన్ నగరపు వైద్యులగు కాటన్, విల్సన్ అనువారు, పాదమును ఇసుకసంచిపై నుంచి, ఉబ్బిన ప్రక్కపై ఉన్నిగుడ్డ వేసి, సుత్తితో గొట్టి లోనికి దింపు పద్ధతిని వ్రాసిరి. 1916 నాటికి ఆ కాటనే, మడమ విఱిగిన కూలివాని జీవనోపాధి ముగిసినట్లేయని నిరాశపడెను. నేడు వైద్యునియెదుట నాలుగు త్రోవలు గలవు.

మొదటిది కోయకుండుట. కాలిని ఎత్తుగా నుంచి, వాపు తగ్గినపిమ్మట కీలును మెల్లమెల్లగా కదలించుచు, కొన్ని వారములు దానిపై బరువు మోపకుండ కాపాడుదురు. ముక్కలు తొలగని విఱుగుళ్లకు ఇది చాలును.

రెండవది సూదిత్రోవ. వెనుకనుండి ఉక్కుకమ్మిని జొనిపి, క్రుంగిన ముక్కను మీటి పైకి దెచ్చుట. ఇంగ్లండు వైద్యుడగు ఎసెక్స్ లోప్రెస్టి వ్రాసిన యీ పద్ధతి 1952లో ప్రకటింపబడెను. కీలుపలక పెద్దముక్కగా నుండి, మడమ వెనుకభాగముతో కలిసియున్నపుడు ఇది చక్కగా పనిచేయును. అనేక ముక్కలైనపుడు కమ్మికి పట్టు దొరకదు.

మూడవది పెద్దకోత. మడమ వెలుపలి ప్రక్కను 'ఎల్' అను ఆంగ్లాక్షరమువలె కోసి, చర్మమును మాంసమును ఎముకవఱకు నొకే పొరగా నెత్తుదురు. ఎముక ప్రక్కయంతయు, కీలును కంటికి గనబడును. ముక్కలను గూర్చి లోహపు రేకుతోను మరలతోను బిగింపవచ్చును. కాని యా పొరయొక్క మూలకు నెత్తురు చాలవఱకు నొక చిన్న ధమనినుండియే రావలెను. అది చాలనిచో మూల నల్లబడి చచ్చును. పుండు లోపలి లోహమువఱకు బోవచ్చును. 1999లో అమెరికాలో ప్రకటింపబడిన 190 విఱుగుళ్ల లెక్కలో నూటికి 25 గాయములు చిక్కు దెచ్చెను. పొగత్రాగువారికిని, మధుమేహరోగులకును ఈ యపాయము హెచ్చని యా లెక్కయే తెలిపెను.

నాలుగవది చిన్నకోత. చీలమండ క్రిందినుండి నాలుగవ వ్రేలి దిక్కునకు మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే కోయుదురు. అచట కీలుపలక నేరుగా కనబడును. వెనుకభాగము కనబడదు గనుక దానికి కమ్మి గ్రుచ్చి లాగి, ఎక్సురే తెరపై సరిచూచుకొందురు. చర్మమునకు హాని తక్కువ. సామాన్యమైన విఱుగుళ్లలో ఎముక కూర్పు పెద్దకోతతో సమానముగానే యుండునని ఈ రెంటిని పోల్చిన పరిశోధనలు పెక్కు చెప్పుచున్నవి. అయితే మిక్కిలి నుగ్గైన యెముకకు ఇంత చిన్న ద్వారము చాలకపోవచ్చును. ఇంచుమించు రెండువారములు దాటినచో ముక్కలు అతుకుకొన మొదలిడును. అపుడు చిన్న ద్వారమునుండి వానిని కదలించుట కష్టము.

ఇపుడు ఆ యన్న ప్రశ్నకు వత్తము. పడిన దినములలో మడమ చర్మము బిగిసి, పొక్కులెక్కి యుండును. అట్టి చర్మమును కోసినచో కుట్లు నిలువవు. వాపు తీసి చర్మముపై ముడుతలు గానవచ్చుటయే కోతకు అనువైన గుఱుతు. కనుక ఆ వాయిదా డబ్బు కొఱకు గాదు, చర్మము కొఱకు. పెద్దకోతకు వాపు బాగుగా తీయవలెను; చిన్నకోతకు కొంత ముందే వీలుపడవచ్చును. కాని యాలస్యము చేయరానివియు గలవు: ముక్క వెనుకనుండి చర్మమును నొక్కి తెల్లబఱచుట, ఎముక చర్మమును చీల్చుకొని వచ్చుట, పాదము బిగిసి భరింపరాని నొప్పి కలుగుట.

అందఱికిని కోత కావలెనా? 2014లో బ్రిటిషు వైద్యులు 22 వైద్యశాలలలో 151 మంది రోగులను పరీక్షించి ప్రకటించిన ఫలితములో, రెండేండ్ల పిమ్మట కోసినవారికిని కోయనివారికిని నడకలోగాని నొప్పిలోగాని భేదము కానరాలేదు. ఉపద్రవములు మాత్రము కోసినవారిలో నూటికి 23, కోయనివారిలో 4. అయితే మిక్కిలి వికారముగా నుబ్బిన మడమలను ఆ పరీక్షలో చేర్చలేదు. కోసినవారికి చేసినది పెద్దకోతయే. కనుక అది చిన్నకోతపై తీర్పు గాదు. పటములో సొగసుగా గనబడు నెముకయే మంచినడక గాదని మాత్రము తేలుచున్నది. ఎముకను జూచి మాత్రమే గాక, దానిని గప్పిన చర్మమును, ఆ మనుష్యుని యలవాట్లను, పనిని జూచి త్రోవ నెన్నుకొనవలెను.

విద్యార్థులారా, మీ కన్నులయెదుట నెవరైన చెట్టుపైనుండి పడినచో నిలువబెట్టి నడిపింపకుడు. మడమ విఱిగినవారిలో నూటికి సుమారు 10 మందికి నడుమువెన్నెముకయు విఱిగియుండును. కావున బల్లపై వెల్లకిల పరుండబెట్టియే తీసికొనిపోవలెను. పాదమునకు బిగుతుగా కట్టు కట్టరాదు.

మా రోగికి పదునొకండవనాడు చిన్నకోతతో చికిత్స జరిగెను. వైద్యుడు చుట్ట మానుమనగా, ఆ యన్నయే చుట్టలకట్టను తన నడుమున దోపుకొని యింటికి బోయెను. పదివారములు కాలు నేల మోపనీయలేదు. ఇపుడతడు కఱ్ఱ యూతతో సంతకు వచ్చుచున్నాడు. గట్టుపై నడచునపుడు కొంచెము నొప్పి గలదట. తాటిచెట్టు మరల నెక్కుటనుగూర్చి వైద్యుడింకను సెలవీయలేదు. అతని కుమారుడు సెలవీయవలదని కోరుచున్నాడు.