ఎవరూ నాటని మొక్కలు

మా పిట్టగోడ మీద రావిమొక్క మొలిచింది. ఎన్నాళ్లయిందో నాకు తెలియదు. నేను చూసేసరికే మూరెడు ఎత్తయి, పదీ పన్నెండు ఆకులు వేసుకొని, గాలి లేకపోయినా తలాడిస్తున్నది. తీయించేద్దామని ఆషాఢమాసంలో ఒకనాడు మేస్త్రిని పిలిచాను. అతను నిచ్చెన వేశాడో లేదో, మా అమ్మ వచ్చి నిచ్చెన పట్టుకొన్నది. సాయానికి కాదు, ఎక్కనివ్వకుండా!

"రావిమొక్కను పీకిస్తావట్రా? ఇందుకేనా అంత చదువు చదివింది?" అన్నది.

"ఇదుంటే గోడ వుండదండమ్మగారూ. వేరు ఇటుకల మధ్యకి దిగిపోయిందండి. ఇదిగో, అప్పుడే బీట తీసింది" అన్నాడు మేస్త్రి.

ఆ గోడ కింద సందు. సాయంత్రమయ్యేసరికి వీధిలోని పిల్లలంతా అక్కడే చేరతారు. ఇద్దరి మాటా తోసివేయదగ్గది కాదు. ఆలోచించుకొని కబురు చేస్తానని మేస్త్రిని పంపేశాను.

ఆ మొక్క ధర్మమా అని ఆనాటినుంచీ నాకు గోడలూ మురుగుకాలవలూ చూసుకొంటూ నడవడం అలవాటయింది. రాజమండ్రిలో ఇరవై యేళ్లుగా ఒకే దారిన కాలేజీకి పోతున్నాను. ఆ దారిలో ఇంత అడవి వున్నదని నాకు తెలియనే తెలియదు. కరెంటు స్తంభం మొదట్లో సిమెంటు పగిలినచోట కుప్పింటాకు. మూతబడిన సినిమాహాలు మెట్ల సందులో నేలవుసిరి. కాలవ గట్టున పొన్నగంటికూర. దాన్ని కోసి బుట్టలో వేసుకొంటున్న వాళ్లనూ చూశాను. మా ఇంటికొచ్చే కట్టలు ఎక్కడివని అడిగే ధైర్యం మాత్రం చాలలేదు.

రోడ్డు వారనే అటికమామిడి. వేసవిలో మాడిపోయి అయిపూ అజా లేకుండా పోతుంది. తొలకరి పడగానే అదే వేరునుంచి మళ్లీ చిగురించి నేలంతా పాకుతుంది. సంస్కృతంలో దాన్ని పునర్నవ అంటారు. ఈ మాటకు వ్యుత్పత్తి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మొక్కను చూడడం ఇదే మొదలు.

వీటిలో పరదేశీయులు కూడా వున్నారండోయ్. పిల్లల మోకాలు చెక్కుకుపోతే పసరు పిండే గడ్డిచేమంతి పుట్టిల్లు అమెరికా ఖండం. మన పల్లెల్లో దాన్ని పరాయిదని ఎవరూ అనుకోరు. వయ్యారిభామదీ ఆ ఖండమే. 1950ల దశకంలో పుణే ప్రాంతంలో కనిపించి, తర్వాత దేశమంతా అల్లుకొన్నది. ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, దురద. దానికా పేరు పెట్టినవాడెవడోగాని రసికుడు!

ఇక నా బండారం చెప్పుకోవాలి. వినాయకచవితి ముందు ఒక కుర్రవాడు తరగతిలో లేచి, "మాస్టారూ, అపామార్గం అంటే ఎలా వుంటుందండీ?" అని అడిగాడు. "ఒకానొక ఓషధి" అన్నాను గంభీరంగా. నిఘంటువుల్లో 'వృక్షవిశేషము' అని రాసి చేతులు దులుపుకొంటారే, అదే పద్ధతి. అమరకోశం రెండోకాండలో వనౌషధివర్గం నాకు కంఠతా వచ్చును. అందులో నేను గుర్తుపట్టగల మొక్కలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

చవితినాడు పొద్దున్నే బజారునుంచి పత్రి కట్ట కొనుక్కొచ్చాను. అమ్మ విప్పి చూసి నవ్వింది. "ఉత్తరేణి కొనుక్కొచ్చావుట్రా! రోజూ నీ పంట్లానికి అంటుకొని ఇంటికొచ్చేది ఇదే గదా!" నిజమే. కాలేజీ ప్రహరీ పక్కన అడ్డదారిన వచ్చినప్పుడల్లా ఆ ముళ్లగింజలను అంచులనుంచి ఏరిపారేస్తూనే వున్నాను. అపామార్గమంటే ఉత్తరేణే. అంటే ఇన్నేళ్లూ దాన్ని ఒంటిమీద వేసుకొనే ఆ పాఠం చెప్పానన్నమాట.

"రావి ఆకు ఇందులో లేదేం?" అన్నాను కట్ట వెదికి. "మన పిట్టగోడ మీద లేదూ?" అన్నది అమ్మ. ఎక్కి ఒక ఆకు కోశాను. అశ్వత్థపత్రం అలా ఇంట్లోనే దొరికింది. మొక్కను తీయించే మాట ఇంక ఎత్తలేకపోయాను.

దాన్ని తెచ్చింది కాకో గోరువంకో అయివుంటుంది. ఎక్కడో రావిపండు తిని మా గోడమీద వాలింది. రెట్టలోని గింజకు సున్నం రాలిన సందూ, చిటికెడు దుమ్మూ చాలు. మొదట వేరు దారమంత. లావెక్కేకొద్దీ ఇటుకను ఇటుకనుంచి విడదీస్తుంది. పైపైన కోస్తే లాభంలేదు, మళ్లీ చిగురిస్తుంది.

నిమజ్జనమయిన నాలుగోరోజు రాత్రి కుండపోత. తెల్లవారి చూస్తే రెండు ఇటుకలు సందులో పడివున్నాయి. పిల్లలు కూర్చొని గోళీలాడేచోటే. అమ్మ వాటివంక చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేస్త్రికి కబురుపెట్టు. వేరు తెగకుండా తీయమను" అన్నది. తీసేముందు తనే మొక్కకు పసుపూ కుంకుమా పెట్టింది.

రెండు వరసల ఇటుకలు విప్పవలసివచ్చింది. వేరు నా చేతికన్నా పొడుగు. ఇటుకల నడుమ పెరిగిందేమో, నాడాలాగా పలకగా వుంది. కాలేజీ ఆవరణలో ఒక మూల పాతాము. నీళ్లు పోయడం అపామార్గం అడిగిన కుర్రవాడి వంతు. మూడాకులు రాలాయి, మిగిలినవి నిలిచాయి.

గోడ మళ్లీ కట్టి, పూత పూయించి, సున్నం కొట్టించాను. నిన్న బట్టలారవేయడానికి మేడెక్కితే, కొత్త పూతా పాత గోడా కలిసినచోట రెండు ఎర్రని చిగురుటాకులు. అమ్మ చూడలేదనుకొంటాను. చూసిందేమో, నాతో మాత్రం అనలేదు.